ఏ గంటలకు వస్తారో ముందు చెప్పండి

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. సాయంత్రాలు ఏదైనా పార్ట్‌టైమ్ పని చేద్దామని రెండు నెలలుగా తిరుగుతున్నాను. ఇప్పటికి 11 చోట్లకు రెజ్యూమె, కవర్ లెటర్ పంపాను. ఒక్కరూ పలకలేదు. ఇప్పుడు ఒక పుస్తకాల షాపు ప్రకటన కనిపించింది: "సాయంత్రం కౌంటర్‌కు మనిషి కావాలి. వారానికి నాలుగు సాయంత్రాలు, 5 నుంచి 9 వరకు. శనివారం తప్పనిసరి. బిల్లింగ్, కొత్త స్టాక్ సర్దడం, వచ్చినవారికి పుస్తకాలు వెతికి ఇవ్వడం. అనుభవం ఉంటే మంచిది." నాకు అనుభవం లేదు. కిందటి ఫిబ్రవరిలో కాలేజీ ఉత్సవాలకు రెండు రోజులు టికెట్ల కౌంటర్‌లో కూర్చున్నాను, నాతో ఇంకొకరు ఉన్నారు, రోజుకు 150 టికెట్ల దాకా అమ్మి ఉంటాం. ఏడాదిగా మా డిపార్ట్‌మెంట్ లైబ్రరీలో వారానికోసారి పుస్తకాలు సర్దుతాను, అడిగినవాళ్లకు వెతికిస్తాను. అంతే. రోజూ 3:30కి క్లాసులు అయిపోతాయి, మంగళ, గురువారాలు మాత్రం 5:30 దాకా ల్యాబ్. శని, ఆదివారాలు ఖాళీ. నేను పంపుతున్న లెటర్ జత చేస్తున్నాను. ఇందులో తప్పేమిటి? అసలు ఇంత చిన్న పనికి కవర్ లెటర్ ఎవరైనా చదువుతారా? ఇదివరకు పంపినచోట్లకే మళ్లీ పంపొచ్చా? (పేరు వద్దు)

సమాధానం: చదువుతారు. కాకపోతే తీరిగ్గా కూర్చుని చదవరు. కౌంటర్ వెనక నిలబడి, ఒక కన్ను గుమ్మం మీద వేసి, ఫోన్‌లో పైపైన చూస్తారు. మీ లెటర్ చదివి చూశాం. సుమారు 380 పదాలు ఉంది. "మీ ప్రతిష్ఠాత్మక సంస్థ" అన్నమాట మూడుసార్లు వచ్చింది. "నా నైపుణ్యాలకు మెరుగులు దిద్దుకునే సువర్ణావకాశం" ఒకసారి వచ్చింది. కష్టపడే తత్వం, నిజాయితీ, బృందంతో కలిసి పనిచేసే గుణం, అన్నీ వచ్చాయి. సోమవారం సాయంత్రం 5 గంటలకు మీరు షాపులో ఉండగలరా లేదా అన్నది మాత్రం ఎక్కడా లేదు.

ఇది చిన్న లోపం కాదు. భాషలో దొర్లిన తప్పులకన్నా, అనుభవం లేకపోవడంకన్నా ఇదే పెద్దది. ఫుల్‌టైమ్ ఉద్యోగానికి వేళలు ఎలాగూ ఖాయంగా ఉంటాయి కాబట్టి ఎవరు బాగా చేస్తారన్నదే అక్కడ ప్రశ్న. పార్ట్‌టైమ్‌కు మనిషిని వెతుకుతున్నారంటే వాళ్ల షిఫ్టుల చార్టులో ఎక్కడో ఒక గడి ఖాళీగా ఉందన్నమాట. ఎవరో మానేసి ఉంటారు, లేదా సాయంత్రాలు రద్దీ పెరిగి ఉంటుంది. ఆ గడి నిండేదాకా యజమానే వచ్చి నిలబడాలి, లేదా ఉన్నవాళ్లచేత అదనపు గంటలు చేయించాలి. అందుకే లెటర్ తెరవగానే ఆయన వెతికేవి మూడే: ఏ రోజుల్లో ఏ గంటలకు వస్తారు, వస్తామన్న రోజున తప్పకుండా వస్తారా, రెండు నెలలకే మానేస్తారా. వీటికి జవాబు దొరక్కపోతే ఫోన్ చేసి కనుక్కునే ఓపిక ఎవరికీ ఉండదు, కింద మరో 20 మెయిల్స్ ఉంటాయి కదా.

మీ విషయంలో తమాషా ఏమిటంటే, ఆ ప్రకటన మీకోసమే వేసినట్టుంది. ల్యాబ్ ఉన్న మంగళ, గురువారాలు తీసేస్తే సోమ, బుధ, శుక్ర, శని నాలుగు సాయంత్రాలు మిగులుతాయి. వాళ్లు అడిగినదీ నాలుగే. శనివారం తప్పనిసరి అన్నారు, అదీ మీకు ఖాళీనే. డిగ్రీ పూర్తి కావడానికి ఇంకా ఏడాదికి పైగా ఉంది కాబట్టి అంతకాలం ఉండగలరు. ఇవన్నీ మాకు రాశారు, వాళ్లకు రాయలేదు.

వేళలు రాయడంలోనూ పద్ధతి ఉంది. "ఎప్పుడైనా రాగలను" అని రాయకండి. చదువుకుంటున్న మనిషి ఎప్పుడైనా ఎలా వస్తారని చదివేవారికి వెంటనే అనుమానం వస్తుంది. పొరపాటున నమ్మితే ఇంకా చిక్కు: మొదటివారంలోనే మంగళవారం షిఫ్టు వేస్తారు, మీరు ల్యాబ్ ఉందంటారు, అక్కడితో మాట పోయినట్టే. "సాయంత్రాలు వీలవుతుంది" కూడా చాలదు. రోజుల పేర్లు రాయండి, గంటలు అంకెల్లో రాయండి. రాలేని రోజులను దాచకండి, అలాగని వాటితో మొదలుపెట్టకండి. రాగలిగినవి చెప్పాక, అవసరమైతే ఒక్క ముక్కలో చెబితే చాలు.

గంటలు లెక్కవేసేటప్పుడు ప్రయాణం మరిచిపోతుంటారు. క్లాసు 3:30కి అయిపోయినంత మాత్రాన 3:30 నుంచి ఖాళీ అని కాదు. దారి 40 నిమిషాలైతే 4:10 అవుతుంది, ఒక బస్సు తప్పితే 4:30. 4:30 అనే రాయండి. అరగంట ఎక్కువ చూపించి రోజూ పది నిమిషాలు ఆలస్యంగా వచ్చే మనిషికన్నా, తక్కువ చెప్పి వేళకు వచ్చే మనిషే వాళ్లకు కావాలి. ప్రకటనలో వేళలు చెప్పకపోతే వారానికి కనీసం ఎన్ని గంటలు, గరిష్ఠంగా ఎన్ని గంటలు చేయగలరో రెండు అంకెలూ ఇవ్వండి: "వారానికి 12 నుంచి 20 గంటలు". విద్యార్థి వీసా మీద వేరే దేశంలో చదువుతూ, గంటలకు చట్టపరమైన పరిమితి ఉన్నవాళ్లు ఆ పరిమితిని ఉన్నదున్నట్టు రాయాలి. దాన్ని దాచి చేరితే మీతోపాటు యజమానీ ఇరుక్కుంటారు.

పరీక్షల సంగతి లెటర్‌లో చెప్పాలా వద్దా? చేరిన మూడు నెలల్లోపు పరీక్షలుంటే చెప్పండి, దానితోపాటు ఏం చేస్తారో కూడా చెప్పండి: "నవంబర్ చివరి రెండు వారాలు పరీక్షలు, ఆ రెండు వారాలు శనివారం మాత్రమే రాగలను, ముందున్న వారాల్లో ఆదివారాలు అదనంగా చేయగలను." ఇంకా దూరంగా ఉంటే లెటర్‌లోకి లాగనవసరం లేదు, ఇంటర్వ్యూలో మాట్లాడుకోవచ్చు.

ఇక మీ రెండో బెంగ, అనుభవం. ప్రకటనను మరోసారి నెమ్మదిగా చదవండి. "శనివారం తప్పనిసరి" అన్నారు, "అనుభవం ఉంటే మంచిది" అన్నారు. ఈ రెండింటి బరువు ఒకటి కాదు. తప్పనిసరి అన్నది లేకపోతే పక్కన పెట్టేస్తారు. ఉంటే మంచిది అన్నది లేకపోయినా చూస్తారు. మీరు తిరగేసి చదివారు. లేని అనుభవానికి క్షమాపణలు చెప్పడానికి ఒక పేరా ఖర్చుపెట్టి, ఉన్న శనివారాన్ని వదిలేశారు.

ఒక కాగితం తీసుకుని మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు ప్రకటనలోని పనులు మాత్రం రాయండి, విశేషణాలు వద్దు: బిల్లు వేయడం, స్టాక్ సర్దడం, పుస్తకం వెతికి ఇవ్వడం. కుడివైపు ఆ పనిని, లేదా దాని పోలిక ఉన్న పనిని, మీరు ఎక్కడ చేశారో రాయండి. జీతం తీసుకుని చేసిందే కానక్కరలేదు. మీ కాగితం మీద ఇలా వస్తుంది: బిల్లు వేయడానికి ఎదురుగా టికెట్ల కౌంటర్, సర్దడానికి ఎదురుగా లైబ్రరీ, వెతికి ఇవ్వడానికి ఎదురుగా మళ్లీ లైబ్రరీ. మూడు గడులూ నిండాయి. అనుభవం లేదని ఎవరన్నారు?

రాసేటప్పుడు మాత్రం గుణాలు చెప్పకుండా జరిగింది చెప్పండి. మీ లెటర్‌లో ఈ వాక్యం ఉంది: "నాకు మంచి సంభాషణా నైపుణ్యాలు, ఒత్తిడిలో పనిచేయగల సామర్థ్యం ఉన్నాయి." దీన్ని ఎవరైనా రాయొచ్చు, అందరూ రాస్తున్నారు, నిజమో కాదో తేల్చుకునే దారి చదివేవారికి లేదు. దాని బదులు: "కాలేజీ ఉత్సవాల్లో రెండు రోజులు టికెట్ల కౌంటర్ చూశాను. మరొకరితో కలిసి రోజుకు సుమారు 150 టికెట్లు అమ్మి, రోజు చివర నగదు లెక్క సరిచూసి అప్పగించాను." ఇందులో ఒత్తిడి అన్న మాట లేదు, ఒత్తిడి మాత్రం కనిపిస్తోంది. ఏం చేశారు, ఎంత చేశారు, చివరికి ఏమైంది, ఈ మూడూ రెండు వాక్యాల్లో పడితే చాలు.

ఒక హెచ్చరిక. లెక్క సరిపోయిందో లేదో మీరు మాకు రాయలేదు. సరిచూసి అప్పగించింది మీరే అయితేనే ఆ వాక్యం ఉంచండి, లేకపోతే "అప్పగించాను" దగ్గర మీ భాగమేమిటో అదే రాయండి. "మరొకరితో కలిసి" అన్నది తీసేయకండి, 150ని 500 చేయకండి. ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చునే మనిషి రోజూ కౌంటర్ నడిపేవారు. "చిల్లర అయిపోయినప్పుడు ఏం చేశారు?" అని అడుగుతారు. నిజంగా అక్కడ కూర్చున్న మనిషి దానికి నవ్వుతూ జవాబు చెబుతారు, సంఖ్య పెంచి రాసిన మనిషి నీళ్లు నములుతారు.

మీకున్నవాటిలో ఏది ముందు చెప్పాలన్నది మీ ఇష్టాన్ని బట్టి కాదు, వాళ్ల అవసరాన్ని బట్టి తేలాలి. ఈ కిటుకు కొత్తదేమీ కాదు. లియొనార్డో డా వించి 1480ల తొలి సంవత్సరాల్లో మిలాన్ పాలకుడు లుడొవికో స్ఫోర్జా కొలువు కోరుతూ రాసిన లేఖ ముసాయిదా ఇప్పటికీ ఉంది. అందులో వరసగా తేలికపాటి వంతెనలు, కోట ముట్టడి పరికరాలు, ఫిరంగులు, రక్షణ కవచమున్న బండ్లు కనిపిస్తాయి. చిత్రలేఖనం చిట్టచివర వస్తుంది. యుద్ధాల మధ్య ఉన్న పాలకుడికి ముందు ఏం కావాలో చూసుకుని రాసిన లేఖ అది. మీరు మీ లెటర్‌లో నాలుగు వాక్యాలు రాసుకున్న వక్తృత్వ బహుమతి నిజంగా గొప్పదే. పుస్తకాల షాపు కౌంటర్ దగ్గర దానితో పనిలేదు, రెజ్యూమెలో ఉండనివ్వండి.

ఇప్పుడు మొత్తం లెటర్. మీరు చెప్పిన వివరాలతోనే రాశాం. చేరే రోజు, పుస్తకాల నంబర్ల వరస, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ సంగతి మాత్రం మేం ఊహించి కలిపినవి, నిజం కాకపోతే మార్చుకోండి.

సబ్జెక్ట్: సాయంత్రం కౌంటర్ ఉద్యోగం, సోమ, బుధ, శుక్ర, శనివారాలు రాగలను

షాపు మేనేజర్ గారికి నమస్కారం.

సాయంత్రం కౌంటర్‌కు మనిషి కావాలన్న మీ ప్రకటన చూసి రాస్తున్నాను. సోమ, బుధ, శుక్ర, శనివారాల్లో మీరు అడిగిన 5 నుంచి 9 గంటల వరకు రాగలను. వచ్చే సోమవారం నుంచే చేరగలను. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. చదువు పూర్తయ్యేదాకా ఇవే వేళల్లో కొనసాగాలని ఉంది.

కిందటి ఫిబ్రవరిలో మా కాలేజీ ఉత్సవాలకు రెండు రోజులు టికెట్ల కౌంటర్ చూశాను. మరొకరితో కలిసి రోజుకు సుమారు 150 టికెట్లు అమ్మి, రోజు చివర నగదు లెక్క సరిచూసి అప్పగించాను. ఏడాదిగా మా డిపార్ట్‌మెంట్ లైబ్రరీలో వారానికోసారి తిరిగొచ్చిన పుస్తకాలను నంబర్ల వరసలో అరల్లో సర్దుతున్నాను, అడిగినవారికి వెతికి ఇస్తున్నాను. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇంతవరకు వాడలేదు, చూపిస్తే నేర్చుకుంటాను.

రెజ్యూమె జత చేశాను. ఫోన్‌లో మంగళ, గురువారాలు తప్ప రోజూ 3:30 తర్వాత దొరుకుతాను. ఇంటర్వ్యూకు ఏ శనివారమైనా రాగలను.

(మీ పేరు, ఫోన్ నంబర్)

ఇంతే. 380 పదాల లెటర్ 150 పదాల్లోపుకి వచ్చింది. పార్ట్‌టైమ్ పనికి 200 పదాలు దాటితే ఎక్కడో ఊకదంపుడు చేరిందనే అర్థం. ఈ లెటర్‌లో మొదటి పేరా ఒక్కటే చదివి ఆపేసినా షాపు మేనేజర్‌కు కావలసింది అందుతుంది. వేళలు చివరి పేరాలో పెడితే వాటిదాకా ఎవరూ రారు.

"బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడలేదు" అని మనమే చెప్పుకోవడమెందుకని అడగొచ్చు. ప్రకటనలో బిల్లింగ్ అని స్పష్టంగా ఉంది కాబట్టి చెప్పాం. అడిగినదాంట్లో ఒకటి లేనప్పుడు ఒక్క వాక్యంలో చెప్పేసి ముందుకు పోవడం మంచిది, పైన రాసిన టికెట్ల కౌంటర్ ఆ వాక్యం బరువును ఎలాగూ తగ్గిస్తుంది. మూడు నాలుగు లేకపోతే లెటర్‌తో నెగ్గుకురాలేరు, వేరే ప్రకటన చూసుకోండి. ప్రకటనలో అడగనివి మీకు రాకపోతే ఆ ఊసే ఎత్తకండి.

పార్ట్‌టైమ్ ఎందుకు కావాలో మీకు విడిగా చెప్పే పనిలేదు, చదువుకుంటున్నాననగానే అర్థమవుతుంది. మీకున్న ఈ వీలు లేనివాళ్లకు ఒక వాక్యం కావాలి. పిల్లలు బడికెళ్లే వేళల్లో చేయాలనుకునేవారు ఆ మాటే రాయొచ్చు. ఉద్యోగ విరమణ చేసినవారు "వారానికి మూడు రోజులే చేయాలనుకుంటున్నాను" అంటే సరిపోతుంది. మరోచోట ఉద్యోగం చేస్తూ దీనికి రాస్తున్నవారు రెండు వేళలూ ఢీకొనవని తేల్చి చెప్పాలి. ఇంటి కష్టాలు, అప్పులు, ఆరోగ్యాలు రాయకండి. చదివేవారికి జాలి కలగొచ్చు, కానీ జాలి చూసి షిఫ్టు ఇవ్వరు. అంతకన్నా పాడుచేసేది "ఫుల్‌టైమ్ ఉద్యోగం దొరికేవరకు" అన్న మాట. మానేసే తేదీ ముందే చెప్పి చేరతానన్నట్టుంటుంది.

సంబోధన గురించి కొంచెం. ప్రకటనలో పేరు ఉంటే ఆ పేరే రాయండి, అక్షరం అక్షరం సరిచూసుకుని. పేరు లేకపోతే ఊహించి "సార్" అనేయకండి, అవతల ఉన్నది మహిళ కావచ్చు. "మేనేజర్ గారికి", "యజమాని గారికి" అంటే ఎవరికైనా సరిపోతుంది. భాష విషయం ప్రకటనే చెబుతుంది: ఏ భాషలో వేశారో ఆ భాషలో రాయండి. ఇంగ్లిష్‌లో వేస్తే ఇంగ్లిష్‌లోనే, కానీ పైన ఉన్నట్టు చిన్న చిన్న వాక్యాల్లో. తెలుగులో ఆలోచించుకుని బరువైన ఇంగ్లిష్ మాటలు నిఘంటువులోంచి ఏరుకొస్తే అవి అతుకుల బొంతలా కనిపిస్తాయి.

పంపే తీరులో జరిగే పొరపాట్లకు లెక్కలేదు. మెయిల్ ఖాళీగా పెట్టి, లెటర్ ఒక ఫైల్, రెజ్యూమె ఒక ఫైల్ జత చేసి పంపడం వాటిలో మొదటిది. ఫోన్‌లో రెండు ఫైళ్లు తెరిచి చూసే తీరిక వాళ్లకు లేదు, పైగా మాటా పలుకూ లేని అటాచ్‌మెంట్ అంటే ఎవరికైనా భయమే. లెటర్‌ను మెయిల్‌లోనే రాయండి, రెజ్యూమె మాత్రం జత చేయండి. లెటర్ కూడా ఫైల్‌గా కావాలని ప్రకటనలో ఉంటే అప్పుడు రెండూ జత చేసి, మెయిల్‌లో మొదటి పేరాను మళ్లీ ఇవ్వండి. ఫైల్ పీడీఎఫ్‌లో ఉండాలి. వర్డ్ ఫైల్ అయితే అవతలి ఫోన్‌లో మీ తెలుగు ఫాంట్ లేకపోవచ్చు, అక్షరాలు చెదిరి ఒత్తులు ఎక్కడికో పోతాయి. ఫైల్ పేరు "కొత్తది ఫైనల్ 2" అని కాకుండా మీ పేరు, ఉద్యోగం పేరు ఉండేలా పెట్టండి, డౌన్‌లోడ్ చేసుకున్నవారికి తర్వాత దొరకాలి కదా. కాగితాన్ని ఫొటో తీసి పంపకండి. పెద్ద సంస్థల్లో దరఖాస్తులను ముందు సాఫ్ట్‌వేర్ వడకడుతుంది, ఫొటోలోని అక్షరాలు దానికి అందకపోవచ్చు.

సబ్జెక్ట్ లైన్ ఖాళీగా వదలొద్దు. "ఉద్యోగం కోసం" అని ఒక్క మాట రాయడం కూడా ఖాళీగా వదిలినట్టే. పైన చూపినట్టు ఉద్యోగం పేరు, మీరు రాగలిగే రోజులు పెట్టండి. మెయిల్ తెరవకముందే సగం జవాబు కనిపిస్తుంది. ప్రకటనలో ఫలానా నంబర్ రాయండి అని ఉంటే అదే ముందు రావాలి. మీ మెయిల్ ఐడీ కూడా ఒకసారి చూసుకోండి, ఎనిమిదో తరగతిలో సరదాగా పెట్టుకున్న ముద్దుపేరుతో ఉంటే పేరుతో కొత్తది తెరవడానికి ఐదు నిమిషాలు పట్టదు.

కొన్నిచోట్ల మెయిల్ ఉండదు, ఆన్‌లైన్ ఫారంలో ఒక పెట్టె ఇస్తారు. దానికి అక్షరాల పరిమితి ఉంటుంది, దాటితే చివర కత్తిరించేస్తుంది, మీ ఫోన్ నంబర్ అక్కడే ఉంటే అదీ పోతుంది. ముందు వేరేచోట రాసుకుని, అక్షరాలు లెక్కచూసుకుని, అప్పుడు అతికించండి. చోటు బాగా తక్కువైతే సంబోధన తీసేయండి, వేళల వాక్యం తీయకండి. స్వయంగా వెళ్లి ఇచ్చేట్టయితే ఏ4 కాగితం ఒకటే, ఒకవైపే, అక్షరం 11 లేదా 12 సైజు, అంచులు సుమారు 2.5 సెంటీమీటర్లు. షాపు కిటకిటలాడే వేళ కాకుండా తెరిచిన గంటలోపు వెళ్లండి. ఎవరి చేతికిచ్చారో వాళ్ల పేరు అడిగి గుర్తుపెట్టుకోండి.

ఒకే లెటర్ అందరికీ పంపడం మీ దగ్గర కనిపించిన ఇంకో జబ్బు. మీరు జత చేసిన కాపీలో మూడో పేరాలో "మీ సూపర్‌మార్కెట్" అని ఉంది, అది పుస్తకాల షాపుకు పంపబోతున్న లెటర్! మిగతా 11 చోట్లలో ఎన్నిటికి ఎవరి పేరు వెళ్లిందో మరి. పాత లెటర్ మీద దిద్దుకోవడం తప్పు కాదు, అందరూ చేసేదే. కానీ ప్రతిసారీ నాలుగుచోట్ల చేయిపెట్టాలి: సబ్జెక్ట్ లైన్, ఎవరికి రాస్తున్నారో ఆ పేరు, వేళల వాక్యం, మీరు చేసిన పనుల పేరా. మందుల షాపుకు రాసేటప్పుడు నంబర్ల వరసలో సర్దడం ముందుకు రావాలి, సినిమాహాలు టికెట్ కౌంటర్‌కు రాసేటప్పుడు 150 టికెట్లు ముందుకు రావాలి. కాగితం మీద గీసుకున్న రెండు వరసలు దగ్గరుంటే ఒక్కో లెటర్‌కు 20 నిమిషాలకు మించి పట్టదు. పంపేముందు ఒకసారి పైకి చదవండి. కళ్లు దాటేసిన తప్పును నాలుక పట్టుకుంటుంది. తర్వాత కింద నుంచి పైకి ఫోన్ నంబర్, పేర్లు, తేదీలు మాత్రమే సరిచూడండి.

ఏఐ చేత రాయించుకోవచ్చా అని మీరు అడగలేదు గానీ, మీ లెటర్‌లోని "మెరుగులు దిద్దుకునే" వాక్యాలు చూస్తే చెప్పాలనిపించింది. అక్షరదోషాలు దిద్దడానికి, పొడుగైన వాక్యాన్ని కుదించడానికి వాడుకోండి. మొత్తం రాయమంటే అది మీ మంగళ, గురువారాల ల్యాబ్ సంగతి తెలియక "సరళమైన వేళల్లో పనిచేయగలను" అంటుంది. మీరు చేయని పనులు కూడా ఒకటో రెండో కలుపుతుంది. వచ్చిన పది లెటర్లలో ఆరు ఒకే పోతలో పోసినట్టుంటే చదివేవారికి తెలిసిపోతుంది.

లెటర్‌లో పెట్టకూడనివి కొన్నే. జీతం ప్రకటనలో అడిగితే తప్ప రాయకండి, ఇంటర్వ్యూలో వాళ్లే తెస్తారు. బ్యాంకు ఖాతా, గుర్తింపు కార్డుల నంబర్లు ఉద్యోగం ఖాయమై, ఎవరికి ఇస్తున్నారో తెలిశాకే ఇవ్వాలి. డిపాజిట్ అనో శిక్షణ ఫీజు అనో మిమ్మల్నే డబ్బు కట్టమంటే అది ఉద్యోగం కాదు, దాని జోలికి పోకండి.

పంపాక వారం ఆగండి. జవాబు రాకపోతే అదే మెయిల్‌కు జవాబుగా రెండు వాక్యాలు: "ఈ నెల 4న సాయంత్రం కౌంటర్ ఉద్యోగానికి రాశాను. ఆ ఖాళీ ఇంకా ఉంటే సోమ, బుధ, శుక్ర, శనివారాలు ఇప్పటికీ రాగలను." ఫోన్ నంబర్ ఇచ్చి ఉంటే రద్దీ లేని వేళలో ఒకసారి చేయొచ్చు. ఆ తర్వాత కూడా పలకకపోతే వదిలేయండి. ఇన్నిచోట్లకు రాస్తున్నప్పుడు ఎవరికి ఏ తేదీన ఏ వేళలు చెప్పారో ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి. తెలియని నంబర్ నుంచి ఫోన్ వచ్చి "మీరు ఆదివారం వస్తానన్నారు కదా" అంటే తడుముకోకూడదు.

ఇక పాత 11 చోట్ల సంగతి. మళ్లీ పంపొచ్చు. ప్రకటన ఇంకా ఉందో లేదో చూసుకోండి. ఉంటే కొత్త సబ్జెక్ట్ లైన్‌తో కొత్త మెయిల్‌గా పంపండి, పాతదాని కింద జవాబుగా కాదు. ఇంతకుముందు రాశానని, అది బాగా రాయలేదని సంజాయిషీలు వద్దు. వాళ్లకు పాతది గుర్తుండే అవకాశం తక్కువ. సాయంత్రాలు, శనివారాలు అడిగినవి ఏవో ముందు వాటితో మొదలుపెట్టండి. ఉదయం షిఫ్టులు అడిగినవి ఆ జాబితాలో ఉంటే కొట్టేయండి, ఎంత బాగా రాసినా ఆ వేళకు మీరు క్లాసులో ఉంటారు.